కాలసూచనలు - కావలివాని ధర్మం

ఈతిబాధలు దాపురించినప్పుడు వాటి వెనుక దైవసూచన ఏదో ఉన్నదని తలచడం అన్ని మతాలవారిలోనూ కానవస్తుంది. తెలుగుదేశంలో కరవు కాటకాలు వచ్చినప్పుడల్లా కాలజ్ఞాన వాక్యాలను తలచుకొన్నవారు ఉన్నారు. క్రైస్తవ వాఙ్మయంలోనూ సూచనల ప్రస్తావన విస్తారంగా ఉన్నది. అయితే అక్కడ సూచన పరమార్థం జోస్యం కాదు. ఈ భేదం గ్రహింపనిచో హెచ్చరిక వట్టి భయోత్పాతంగా మిగులుతుంది.

బైబిలులోని యోనా కథ ఇందుకు మంచి నిదర్శనం. నలువది దినాలలో నీనెవె నాశనమవుతుందని అతడు చాటినాడు. పట్టణం పశ్చాత్తాపపడింది, నాశనం తప్పింది. జోస్యంగా చూస్తే అది విఫలం. హెచ్చరికగా చూస్తే సఫలం. యోసేపు ఫరో కలకు అర్థం చెప్పి ఊరకుండలేదు. సమృద్ధి గల ఏడేండ్లలో పంటలో అయిదవవంతు నిలవచేయవలెనని సలహా ఇచ్చినాడు. స్వప్నార్థం ధాన్యపు కొట్లలో పరిసమాప్తి చెందింది. ఆమోసు ప్రవక్త దృష్టి ఆకాశం మీద కాక అంగడి మీద నిలిచింది. కొలత తగ్గించి, దొంగత్రాసుతో ధాన్యమమ్మే వర్తకుని చేతిలోనే ఆయన రానున్న విపత్తును చూచినాడు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఆపద హెచ్చరిక అయితే, ఆపదపాలైనవాడు పాపి అనవలెనా? సిలోయము గోపురం కూలి పదునెనిమిదిమంది మరణించిన వార్తను ప్రస్తావించి, వారు ఇతరుల కంటె పాపులు కారని క్రీస్తు స్పష్టంగా చెప్పినట్లు లూకా సువార్తలో ఉన్నది. అయినా వినవచ్చినవారిని మారుమనస్సు పొందుమన్నాడు. అనగా విపత్తు మృతుల మీద తీర్పు కాదు. బ్రతికి చూచుచున్నవారికి పిలుపు.

ఈ సూత్రం తెలుగునేల మీద పరీక్షకు నిలిచిన సందర్భం 1876-78 నాటి మహాక్షామం. ధాత, ఈశ్వర సంవత్సరాలలో వచ్చిన ఆ కరవులో దక్షిణ దేశాన లక్షలాది జనం నశించారు. ఒంగోలులో 1866 నుండి పనిచేస్తున్న అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ, కరవుకు కారణమెవరి పాపమని విచారిస్తూ కూర్చుండలేదు. పూర్వం సర్వేయరుగా పనిచేసిన అనుభవంతో బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ళ తవ్వకం గుత్తకు తీసుకొని, ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. వారిలో పెక్కుమంది ఊరి వెలుపలి పల్లెలవారు.

అంతకంటె గమనింపదగిన విషయం మరొకటి. అన్నం కోసం మతం పుచ్చుకొన్నారన్న మాట రాకుండా, కరవు ఉధృతంగా ఉన్న ఏడాదికి పైగా ఆయన బాప్తిస్మాలు నిలిపివేశాడు. 1878 జూన్‌లో తిరిగి ఆరంభించగా, జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారి చిత్తవృత్తిని నేడెవరూ కొలువజాలరు. కాని భయాన్నీ ఆకలినీ మతప్రచారానికి పనిముట్లుగా వాడరాదన్న నిగ్రహం మాత్రం చరిత్రలో నిలిచింది.

ఆ క్షామమే పాలకులకూ సూచనలు చదువుట నేర్పింది. 1880 నాటి క్షామ విచారణ సంఘ నివేదిక ననుసరించి 1883లో క్షామ నిబంధనావళి ఏర్పడింది. ధాన్యం ధర పెరగడం, అప్పు పుట్టకపోవడం, జనం దిక్కుతోచక ఊళ్ళు విడిచి తిరగడం అధికారులు కనిపెట్టవలసిన లక్షణాలైనాయి. ఆమోసు అంగడిలో చూచినదానికి ఇవి ఎంతో దూరమైనవి కావు.

కావలివాడు ఖడ్గం వచ్చుట చూచి బూర ఊదకపోతే, ఆ రక్తానికి అతడే ఉత్తరవాది అని యెహెజ్కేలు గ్రంథం చెబుతున్నది. ఇది రచయితలకూ వర్తించే ధర్మం. క్రైస్తవ కుటుంబంలో జన్మించి, ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన జాషువ, 1941 నాటి ‘గబ్బిలం’లో ఒక అస్పృశ్యుని గోడును శివునికి విన్నవింపజేశాడు. అందులో ప్రళయ జోస్యం లేదు; కండ్లెదుట ఉన్న అన్యాయమే అక్కడ సూచన. పడమట మబ్బు చూచి వాన వస్తుందని చెప్పగలిగినవారు తమ కాలాన్ని చదవలేకపోవడమే క్రీస్తు ఎత్తిచూపిన లోపం. మబ్బు అందరికీ కనబడుతుంది. పొరుగువాని ఖాళీ కుండను చూడడానికి మాత్రం వాని గడప దాకా పోవలసి ఉంటుంది.