శీతల ఫలాల వెంట ఒక విచారణ

2012వ సంవత్సరం సెప్టెంబరు నెల చివరి దినాలలో తూర్పు జర్మనీలోని అనేక పాఠశాలల తరగతి గదులు ఉన్నట్టుండి బోసిపోయినవి. బెర్లిన్, బ్రాండెన్‌బర్గ్, సాక్సనీ, సాక్సనీ-అన్హాల్ట్, తురింగియా అనే అయిదు రాష్ట్రాలలో పిల్లలు వాంతులతోను విరేచనాలతోను మంచం పట్టారు. సెప్టెంబరు 20 మొదలు అక్టోబరు 5 లోపల 390 సంస్థలలో దాదాపు పదకొండు వేలమంది జబ్బుపడినట్లు లెక్క తేలినది. వాటిలో అధికభాగం బడులు, శిశు సంరక్షణాలయాలు. ఆహారం మూలంగా ఇంతమంది ఒక్కసారి జబ్బుపడినట్లు జర్మనీ దేశపు రికార్డులలో అంతకుముందు లేదు. జబ్బుకు కారణం నోరోవైరస్ అనే సూక్ష్మజీవి.

ఒక ఊరి బడి పిల్లలు మరొక ఊరి బడి పిల్లలను ఎరుగరు. ఒక చెరువు నీరు గాని, ఒక తిరునాళ్ల గాని వారిని కలిపినది కాదు. ఒక్క పోలిక మాత్రం ఉన్నది. దాదాపు ఈ సంస్థలన్నింటికీ మధ్యాహ్న భోజనం పంపినది ఒకే పెద్ద సరఫరా సంస్థ. అయితే ఆ సంస్థకు వంటశాల ఒకటి కాదు, ప్రాంతానికొకటి చొప్పున ఉన్నవి. ఇన్ని వంటశాలలలో ఇందరు వంటవారు ఒకే వారంలో చేతులు కడుక్కోవడం మరచిపోయారంటే నమ్మడమెట్లా? దోషం వంటవానిది కాకపోతే వంటశాలకు వచ్చిన సరుకుది అయి ఉండాలి. ఏ సరుకుది?

ఇక్కడినుండి కథ ఉపాధ్యాయులకు ప్రత్యేకంగా రుచించవలసినది. ఆ సరుకేదో వెదకడానికి పరిశోధకులు పూనుకున్న సాధనం ప్రశ్నాపత్రం. మూడు రాష్ట్రాల ఉన్నత పాఠశాలలకు వెళ్లి, జబ్బుపడిన వారినే గాక జబ్బుపడని వారిని కూడా, ఏనాడు ఏమి తిన్నారని అడిగారు. ఆరోగ్యవంతుణ్ణి అడగడమేమిటని ఎవరికైనా తోచవచ్చును. కాని ఆ రెండవ ప్రశ్న లేనిదే మొదటి ప్రశ్నకు విలువ లేదు. జబ్బుపడిన వారందరూ బంగాళాదుంప తిన్నారనుకుందాం. హాయిగా తిరుగుతున్నవారు కూడా అదే తిని ఉంటే బంగాళాదుంప నిర్దోషి గదా! ఇట్లా పోల్చి చూడగా, స్ట్రాబెరీ పండ్లు కలిసిన వంటకం మీదనే అన్ని పరిశీలనల వేలూ నిలిచినది. తిన్నవారికి జబ్బు తగిలే అవకాశాల నిష్పత్తి, తిననివారితో పోల్చగా, ఒకచోట 2.6 రెట్లు, మరొకచోట 45.4 రెట్లు! పైగా ఆయా బడులలో జబ్బు ఉధృతమైన దినానికి సరిగా రెండు రోజుల ముందు ఆ వంటకం వడ్డించారు. ఈ వైరస్ శరీరంలో ప్రవేశించి బయటపడడానికి పట్టే కాలం కూడా ఇంచుమించు అంతే.

ఆపైన సరుకు చీటీలు పట్టుకొని వెనక్కు నడిచారు. జబ్బు సోకిన సంస్థలన్నింటికీ చేరిన స్ట్రాబెరీలు ఒకే సరుకులోనివి. అది చైనా దేశంలో గడ్డకట్టించి ఓడ మీద పంపిన 22 టన్నుల పండు. ఇదంతా వారం రోజులలోనే తేలినందున, ఆ సరుకులో సగానికి పైగా ఎవరి నోటికీ చేరకముందే ఆగిపోయినది.

స్ట్రాబెరీ జర్మనీలో పండని పండేమీ కాదు. కాని పొలంలో దాని కాలం ముఖ్యంగా మే నుండి జూలై దాకా. బడి మాత్రం ఏడాది పొడుగునా ఉంటుంది. ఒక్కొక్క భోజనానికి ఇచ్చే సొమ్ము కూడా స్వల్పమే. అందుచేత యూరపు పెద్ద వంటశాలలు సెర్బియా రాస్ప్‌బెరీని, పోలెండు, మొరాకో, ఈజిప్టు, చైనాల స్ట్రాబెరీని గడ్డకట్టిన రూపంలో కొంటున్నవి. తోటలో కోసి, తొడిమలు తీసి, కడిగి, అతిశీతలమైన గాలి నడుమ పండుకు పండు అంటుకోకుండా విడివిడిగా గడ్డకట్టిస్తారు. ఆపైన యూరపు నిబంధన ప్రకారం సున్నాకు దిగువ 18 డిగ్రీల చలి తప్పకుండా ఉండాలి. ఓడలోని కంటెయినరు, రేవులోని గిడ్డంగి, లారీ అన్నీ ఆ చలిని కాపాడవలసినవే. వారాల తరబడి సాగే ఈ ప్రయాణంలో పండు రంగు చెడదు.

చెడనిది పండొక్కటే కాదు. మనవారు మామిడిని ఎండలో తాండ్ర చేసి నీటిని పోగొడతారు, ఊరగాయలో ఉప్పు దట్టిస్తారు. చలి అట్లాంటి పని ఏదీ చేయదు. అది కాలాన్ని ఆపుతుంది, అంతే. కోసినవాని చేతినుండో, తోటకు పెట్టిన మురికి నీటినుండో పండుకు అంటిన వైరస్ కూడా ఆ చలిలో చెక్కుచెదరక ఉంటుంది. పది నుండి నూరు కణాల లోపల ఉన్నా మనిషిని పడవేయగలదు. దానికి వాసన లేదు, రుచి లేదు. బాగా ఉడికించడం ఒక్కటే దానికి విరుగుడు.

మరుసటి సంవత్సరం ఆరంభం నుండి కొంతకాలం, చైనానుండి వచ్చే గడ్డకట్టిన స్ట్రాబెరీ సరుకులలో నూటికి అయిదింటిని యూరపు సరిహద్దులలో ఈ వైరస్ కోసం పరీక్షించారు. చేయవలసిన పనే గాని, దీనిమీద ఎక్కువ ఆశ పెట్టుకోరాదని నా అభిప్రాయం. వైరస్ సరుకంతటా సమంగా పరచుకొని ఉండదు. ఒక పెట్టె శుభ్రంగా ఉండి పక్క పెట్టె మలినమై ఉండవచ్చును. 2013లో ఐర్లండు ఆహార భద్రతాధికారులు సూటి మార్గం పట్టారు. దిగుమతి అయిన గడ్డకట్టిన బెరీలను ఒక నిమిషం పాటు మరగనిచ్చి మరీ తినండని ప్రజలకు చెప్పారు.

వారి భయం నోరోవైరస్ గురించి కాదు, కాలేయాన్ని పట్టి కామెర్లు తెప్పించే హెపటైటిస్ ఏ గురించి. 2013, 2014లలో ఇటలీ మొదలుకొని పన్నెండు యూరపు దేశాలలో 1,400 మందికి పైగా దాని బారిన పడ్డారు. అనుమానం మళ్లీ గడ్డకట్టిన బెరీల మీదనే. దోషమున్న సరుకులలో తరచుగా కనిపించినవి బల్గేరియా బ్లాక్‌బెరీలు, పోలెండు ఎర్ర కరెంటు పండ్లు. అయితే ఆ దేశాలనుండి ఆ పండ్లు ఎక్కువగా వస్తాయి కాబట్టి ఎక్కువగా కనిపించి ఉండవచ్చును. అనేక దేశాల పండ్లను కలిపి ఒకే సంచిలో కట్టి అమ్మడం ఈ వ్యాపారంలో మామూలు. జర్మనీలో వలె ఈసారి ఒక తోట, ఒక ఓడ, ఒక సరుకు అని వేలుపెట్టి చూపడం సాధ్యపడలేదు. ఈ జబ్బు బయటపడడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. మొన్న బడిలో ఏమి తిన్నావని అడిగితే పిల్లవాడు చెప్పగలడు. నెల క్రిందట తిన్న కేకు మీది పండు ఎవరికి జ్ఞాపకముంటుంది?