ఐసీయూలో మతి తప్పిన మాటలు: అసర్ కాదు, అస్వస్థత

ఏఎస్ రావు నగర్, నాచారం, ఉప్పల్ ప్రాంతాల కుటుంబాలు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. ఐసీయూలోని దాదీ సొంత బిడ్డలనే గుర్తుపట్టడం లేదు, గోడ మీద ఎవరో ఉన్నారంటున్నారు, గొట్టాలు పీకివేస్తున్నారు. ఇది ఏదైనా అసరేమోనని వారి భయం.

ఇది జిన్నుల ప్రభావం కాదు, ఈమాన్ లోపమూ కాదు. పూర్వులు సంధి ప్రేలాపన అన్నదానినే వైద్యులు డెలీరియం అంటున్నారు. ఇన్‌ఫెక్షన్, ఆక్సిజన్ కొరత, మత్తు మందులు, నిద్రలేమి, రేయింబవళ్లు ఆరని దీపాలు, ఆగని అలారాలు దీనికి కారణాలు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో 80 శాతం వరకు దీని బారిన పడినట్లు పరిశోధనలున్నాయి. కొందరు కేకలు వేయరు, మౌనంగా పడి ఉంటారు. అందుకే వారి స్థితి ఎవరి దృష్టికీ రాదు.

దీని నివారణకు ఇప్పుడు వర్చువల్ రియాలిటీని పరీక్షిస్తున్నారు. అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ వైద్యులు ఐసీయూ రోగులకు ప్రత్యేక కళ్లద్దాలు తొడిగి, ప్రశాంతమైన ప్రకృతి దృశ్యాలు చూపి, మృదువైన స్వరం వినిపించారు. ఆందోళన తగ్గినట్లు 2020లో వెల్లడించారు. అయితే ఇది డెలీరియాన్ని ఆపుతుందని ఇంకా రూఢి కాలేదు. తల తిరుగుడు, మూర్ఛ, ముఖానికి గాయాలు ఉన్నవారికి ఆ పరికరం తగదు.

రుజువైన మార్గం మరింత సులభమైనది. వార్డులలో చేరిన 70 ఏళ్లు, ఆపై వయసున్న 852 మందిపై డాక్టర్ షారన్ ఇనోయ్ బృందం జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. వేళ గుర్తుచేయడం, నిద్రకు భంగం కలగనీయకపోవడం, నడిపించడం, కళ్లజోడు, వినికిడి యంత్రం అందించడం, నీరు తాగించడం; ఇంతే వారి చికిత్స. డెలీరియం 15 నుంచి 9.9 శాతానికి తగ్గింది.

పాఠకులారా! రోగిని పరామర్శించడం ముస్లింపై ముస్లింకు గల హక్కు. ఆ ఇయాదత్‌ను ఈ జ్ఞానంతో నెరవేర్చుదాం. నర్సు అనుమతితో ఒక్కరే వెళ్లి, పేరు చెప్పుకుని, "దాదీ, ఈ రోజు జుమా, ఇప్పుడు అసర్ వేళ, మీరు ఆసుపత్రిలో ఉన్నారు" అని మెల్లగా చెప్పండి. వాదించకండి. మందలుగా చేరకండి. ఫోన్‌లో బిగ్గరగా తిలావత్ పెట్టకండి. వారు కోరితే తగ్గు స్వరంతో మీరే పఠించండి. మార్పు కనిపిస్తే వెంటనే వైద్యునికి తెలపండి.

మతి లేనివాని నుంచి కలం ఎత్తివేయబడిందని హదీసు తెలుపుతోంది. కనుక ఆ స్థితిలో పెద్దలు పలికిన కఠినమైన మాటను మనసులో పెట్టుకోవడం తగదు. అల్లాహ్ రోగులందరికీ షిఫా ప్రసాదించుగాక! ఆమీన్.