లారీ దూరమా, గెల వయసా?

మలేసియాలో, సెలంగోర్ నది ఒడ్డున బటాంగ్ బెర్జుంటై అనే చిన్న ఊరుంది. 2007లో దాని పేరు బెస్తారి జయ అని మార్చారు గానీ పాతవాళ్ళ నోట ఇంకా పాత పేరే. ఆ దేశంలో మొట్టమొదటి వాణిజ్య ఆయిల్ పామ్ తోట ఈ చుట్టుపక్కలదే. తెన్నమరం ఎస్టేటులో 1917లో హెన్రీ ఫోకొనియే అనే ఫ్రెంచి ఆయన వేయించాడు.

కొన్నేళ్ళ క్రితం అక్కడ ఒక నూనె మిల్లుకి లారీల షెడ్యూలు తయారుచేసే పని నాకు పడింది. తోటల్లో కోసిన గెలల్ని మిల్లుకి చేర్చాలి, అంతే. చూడగానే పాత చుట్టం కనిపించినట్టయింది. మనం ఎమ్మెస్‌లో కుస్తీ పట్టిన వెహికిల్ రూటింగ్ ప్రాబ్లం! 1959లో డాంట్జిగ్, రామ్సర్ పెట్రోలు బంకులకి ట్యాంకర్లు పంపే లెక్కగా దీన్ని రాశారు. పది చోట్లకి వెళ్ళాలంటే ఒక్క లారీకే 36,28,800 వరసలు. పదిహేను చోట్లయితే లక్షా ముప్పై వేల కోట్లు! అన్నీ వేసి చూడలేం కాబట్టి హ్యూరిస్టిక్స్ వాడతాం.

మొత్తం కిలోమీటర్లు తగ్గించమన్నాను. ప్రోగ్రాం బుద్ధిగా తగ్గించింది. మేనేజరు కూడా సంతోషించాడు.

మర్నాడు తోటలో ఒక పెద్దాయన నా కాగితం చూశాడు. ఆయన ముత్తాతలు విశాఖ వైపు నుంచి కూలికి వచ్చారట. "అంతా బాగుంది బాబూ, మరి ఈ మూల తోటలో గెలలు ఎల్లుండి దాకా ఎండలో పడుండాలా?" అన్నాడు.

నా గొంతులో వెలక్కాయ పడింది. మూల తోటకి దూరం ఎక్కువ, సరుకు తక్కువ. లారీ నిండేదాకా ఆగితేనే కిలోమీటర్లు కలిసొస్తాయి. కానీ గెల కోసినప్పట్నుంచీ, ముఖ్యంగా దెబ్బ తగిలిన పళ్ళలో, లైపేజ్ అనే ఎంజైము నూనెని ఫ్రీ ఫాటీ ఆసిడ్స్‌గా విరగ్గొడుతూ ఉంటుంది. ముడి నూనెలో అవి 5 శాతం దాటకూడదని వ్యాపార నియమం. అందుకే 24 గంటల్లో గెలని మిల్లుకి చేర్చి ఆవిరి పట్టించాలంటారు. అప్పుడే ఆ ఎంజైము పని ఆగుతుంది. నా మోడల్లో లారీకి ఖర్చుంది, గెలకి వయసు లేదు!

"తప్పు నాదే తాతగారూ" అని, ఆ రాత్రి ప్రతి తోటకీ గడువు పెట్టాను. గెల ఆగిన ప్రతి గంటకీ పెనాల్టీ కలిపాను. కిలోమీటర్లు పెరిగాయి. పాత గ్రాఫు చూసి మురిసిన మేనేజరుకి, పాడైన నూనె ఖరీదు కూడా పక్కన రాసి చూపిస్తే గానీ నచ్చలేదు.

ఈ కథ మనకి దూరపుదేం కాదు. ఏలూరు దగ్గర పెదవేగిలో, తెలంగాణలో అశ్వారావుపేటలో ఇదే పంట, ఇదే 24 గంటల పరుగు. గెల వాడితే నష్టపోయేది ముందు చిన్న రైతే. మనలో ఎవరైనా ఊరికి పనికొచ్చే సాఫ్ట్‌వేర్ రాద్దామనుకుంటే, ఆల్గరిథమ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఒక పూట గెలలు కోసేవాళ్ళ పక్కన నిలబడండి. దేన్ని తగ్గించాలో వాళ్ళే చెబుతారు.