పట్టాల ఊరు, పల్లెల తీర్పు

1996 నుంచి వరుసగా ఎనిమిదిసార్లు బీజేపీనే గెలిపించిన బిలాస్‌పూర్‌లో రైల్వే తెలుగువారి ఓటు ఎక్కడ చెల్లుతుంది, ఎక్కడ చెల్లదు?

ఛత్తీస్‌గఢ్‌లో రాయ్‌పూర్ రాజధాని అయితే దర్జా సగం బిలాస్‌పూర్‌ది. హైకోర్టు ఇక్కడే. బొగ్గు కంపెనీ ఎస్ఈసీఎల్ కేంద్ర కార్యాలయం ఇక్కడే. అన్నిటికీ మించి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు రాజధాని ఇదే. కోర్బా గనుల బొగ్గు ఈ జోన్ పట్టాల మీదుగానే దేశం నలుమూలలకూ వెళ్తుంది. అయినా ఇక్కడి నుంచి పార్లమెంటుకు ఎవరు వెళ్లాలో తేల్చే శక్తి ఈ రైలు పట్టణానికి లేదు. 2024 నాటికి దాదాపు 21 లక్షల మంది ఓటర్లున్న ఈ లోక్‌సభ స్థానంలో ఎనిమిది అసెంబ్లీ సెగ్మెంట్లున్నాయి. వాటిలో అచ్చంగా పట్టణం అనదగినది బిలాస్‌పూర్ ఒక్కటే. నగర శివార్లు కొంత బెల్‌తరాలో, కొంత బిల్హాలో కలిసిపోయాయి. మిగిలిన కోటా, లొర్మీ, ముంగేలీ, తఖత్‌పూర్, మస్తూరీ వరి పండించే పల్లెలు. తీర్పు అక్కడే రాస్తారు.

ఆ పల్లెల్లో మొదట చెప్పుకోవాల్సింది సత్‌నామీల గురించి. గురు ఘాసీదాస్ బోధలను అనుసరించే ఈ దళిత సామాజికవర్గం మధ్య ఛత్తీస్‌గఢ్ రాజకీయాలకు ఆయువుపట్టు. వారిలోంచి వచ్చిన రేషంలాల్ జాంగ్‌డే కథ చెబితే ఈ నియోజకవర్గం కథ సగం చెప్పినట్టే. 1952లో తొలి లోక్‌సభకు ఆయన కాంగ్రెస్ అభ్యర్థిగా ఇక్కడి నుంచే ఎన్నికయ్యారు. 37 ఏళ్ల తర్వాత, 1989లో, అదే బిలాస్‌పూర్ నుంచి బీజేపీ ఎంపీగా మళ్లీ సభలో అడుగుపెట్టారు. పార్లమెంటుకు అరవై ఏళ్లు నిండిన సందర్భంగా 2012 మేలో తొలి సభ నాటి కొద్దిమంది పెద్దలను సత్కరించినప్పుడు వారిలో జాంగ్‌డే ఉన్నారు. ఆయనతోపాటు సన్మానం అందుకున్నవారిలో ఇద్దరు తెలుగువారు: కందాళ సుబ్రహ్మణ్య తిలక్, కానేటి మోహనరావు. జాంగ్‌డే 2014లో కన్నుమూశారు.

ఎమర్జెన్సీ తర్వాత 1977లో జనతా గాలికి ఇక్కడ నిరంజన్ ప్రసాద్ కేసర్వానీ గెలిచారు. 1980లో గోదిల్ ప్రసాద్ అనురాగీ, 1984లో ఖేలన్ రామ్ జాంగ్‌డే కాంగ్రెస్‌కు స్థానాన్ని తిరిగి తెచ్చిపెట్టారు. 1991లో మళ్లీ ఖేలన్ రామ్‌దే గెలుపు. కాంగ్రెస్ ఇక్కడ గెలవడం అదే ఆఖరు.

మలుపు 1996. ఆ ఏడాది జనవరి 15న రైల్వే జోన్ ఇవ్వడం లేదన్న ఆగ్రహంతో బిలాస్‌పూర్ జనం స్టేషన్ మీద విరుచుకుపడ్డారు, బోగీలు తగలబడ్డాయి. ఢిల్లీలో అప్పుడు ప్రధాని మన పీవీ నరసింహారావు. నాలుగు నెలలు తిరక్కుండానే జరిగిన ఎన్నికల్లో బీజేపీ అభ్యర్థి పున్నూలాల్ మోహ్లే గెలిచారు. దేశమంతటా కాంగ్రెస్ దెబ్బతిన్న ఏడాది అది కాబట్టి గెలుపంతా జోన్ ఖాతాలో వేయడం అతిశయోక్తి అవుతుంది. కానీ రెండేళ్ల తర్వాత, 1998లో, బిలాస్‌పూర్‌కు జోన్ ప్రకటించి శంకుస్థాపన చేసింది వాజపేయి. 2003 ఏప్రిల్‌లో జోన్ పనిచేయడం మొదలైంది. ఆ కృతజ్ఞత నగరంలో చాలాకాలం నిలిచింది. మోహ్లే 1998, 1999, 2004లలో కూడా నెగ్గి నాలుగుసార్ల ఎంపీ అనిపించుకున్నారు.

(విశాఖవాసులకు ఈ కథ కాస్త ఈర్ష్య కలిగించేదే. 2014 విభజన చట్టంలో ప్రస్తావించిన జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటిస్తే, దక్షిణ కోస్తా రైల్వే ప్రధాన కార్యాలయానికి శంకుస్థాపన జరిగేసరికి 2025 జనవరి వచ్చింది.)

రిజర్వేషన్ పోయింది, లెక్క మారింది

2008 పునర్విభజనతో బిలాస్‌పూర్ ఎస్సీ రిజర్వుడ్ స్థానం కాకుండా పోయింది. పొరుగున ఉన్న జాంజ్‌గీర్-చాంపా రిజర్వుడ్ జాబితాలో చేరింది. ఇక్కడ ఎస్సీలకు మిగిలినవి ముంగేలీ, మస్తూరీ అసెంబ్లీ సెగ్మెంట్లు మాత్రమే. మోహ్లే ముంగేలీకి మారి 2008 నుంచి 2023 దాకా నాలుగుసార్లూ ఎమ్మెల్యేగా గెలిచారు. ఖాళీ అయిన లోక్‌సభ కుర్చీకి 2009లో బీజేపీ జష్‌పూర్ రాజకుటుంబీకుడు దిలీప్ సింగ్ జూదేవ్‌ను తెచ్చింది. కాంగ్రెస్ అజిత్ జోగి భార్య రేణు జోగిని నిలిపింది. జూదేవ్ 20 వేల పైచిలుకు ఓట్లతో బయటపడ్డారు. ఈ మూడు దశాబ్దాల్లో కాంగ్రెస్ బాగా దగ్గరికి వచ్చిన ఎన్నికల్లో అదొకటి.

ఆ తర్వాత బీజేపీ రాజులను పక్కనపెట్టి కులగణితం పట్టుకుంది. ఛత్తీస్‌గఢ్ మైదాన ప్రాంతంలో ఓబీసీల్లో బలమైన వర్గం సాహూలు. తేలీలని కూడా అంటారు. మన గాండ్లవారికి సాటి. 2014లో లఖన్‌లాల్ సాహూ, 2019లో అరుణ్ సావ్, 2024లో తోఖన్ సాహూ. పేర్లు మారాయి, వర్గం మారలేదు. కాంగ్రెస్ మాత్రం ప్రతిసారీ ఒక కొత్త ప్రయోగం చేసింది. 2014లో వాజపేయి సోదరుడి కూతురు కరుణా శుక్లాను బీజేపీ నుంచి తెచ్చి నిలబెట్టింది. జోన్ ఇచ్చిన ప్రధాని బంధువైనా ఆమె 1,76,436 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 2019లో అటల్ శ్రీవాస్తవ 1,41,763 ఓట్లతో, 2024లో భిలాయ్ నుంచి దిగుమతి అయిన ఎమ్మెల్యే దేవేంద్ర యాదవ్ 1,64,558 ఓట్లతో ఓడారు. గెలిచినవారి దశ తిరిగింది. అరుణ్ సావ్ 2023 డిసెంబర్‌లో ఉపముఖ్యమంత్రి అయ్యారు. గ్రామ పంచాయతీ వార్డు సభ్యుడిగా రాజకీయాలు మొదలుపెట్టిన తోఖన్ సాహూ 2024 జూన్‌లో కేంద్ర సహాయమంత్రి అయ్యారు.

బీజేపీ పట్టు ఎంతటిదో తెలియాలంటే అది చిత్తుగా ఓడిన ఎన్నికనే చూడాలి. 2018 అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ 90కి 68 గెలుచుకుంది. బీజేపీకి రాష్ట్రమంతా కలిపి మిగిలినవి 15. అందులో నాలుగు ఈ ఒక్క లోక్‌సభ పరిధిలోవే. బిలాస్‌పూర్ నగరంలో, తఖత్‌పూర్‌లో మాత్రమే కాంగ్రెస్ గెలిచింది. కోటా, లొర్మీ జోగి పార్టీకి పోయాయి. 1998 నుంచి నగరాన్ని ఏలుతున్న అమర్ అగ్రవాల్‌ను ఆసారి శైలేష్ పాండే ఓడించారు. 2023లో అగ్రవాల్ తిరిగొచ్చారు. ఎనిమిదిలో ఆరు బీజేపీకి దక్కాయి. ఆ ఎన్నికలకు ముందు బొగ్గు రైళ్ల కోసం ప్యాసింజర్ రైళ్లను వరసగా రద్దు చేస్తున్నారంటూ కాంగ్రెస్ పట్టాల మీద కూర్చుని ఆందోళన చేసింది. రైలు ఊళ్లో రైలు సమస్య కూడా ఓటుగా మారలేదు.

పట్టాల వెంట వచ్చినవాళ్లు

ఈ లెక్కలో తెలుగువాళ్లు ఎక్కడ? 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే బిలాస్‌పూర్ మీదుగా లైను వేసినప్పటి నుంచి ఉత్తరాంధ్ర మనుషులకూ ఈ ఊరికీ దారి పడింది. ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్టే ఇక్కడికీ శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి ఖలాసీలు, ఫైర్‌మెన్లు, గ్యాంగ్‌మెన్లు వచ్చారు. 2003 దాకా వాల్తేరు, బిలాస్‌పూర్ డివిజన్లు రెండూ కలకత్తా గార్డెన్‌రీచ్ కేంద్రంగా నడిచే ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. బదిలీ అడిగి సొంతూరి దగ్గరికి చేరుకోవచ్చన్న ఆశ ఉండేది. జోన్లు విడిపోయాక వాల్తేరు తూర్పు కోస్తాకు పోయింది. బిలాస్‌పూర్ గెలుపు ఈ కుటుంబాలకు ఒకవిధంగా గుమ్మంలో పడ్డ గీత. రైల్వే కాలనీల్లో, తోర్వా వైపు స్థిరపడ్డ మూడో తరం, నాలుగో తరం పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ మాట్లాడుతూ పెరిగారు.

లోక్‌సభకు వీళ్ల ఓట్లు సాహూ, సత్‌నామీ, కుర్మీ, గోండ్ ఓట్ల సముద్రంలో కలిసిపోతాయి. వార్డుల స్థాయిలో, నగర మేయర్ ఎన్నికల్లో మాత్రం అంత తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. 2025 ఫిబ్రవరిలో అదే రుజువైంది. ఓబీసీలకు రిజర్వయిన మేయర్ పదవికి బీజేపీ నిలిపిన పూజా విధానీ అసలు పేరు ఎల్.పద్మజ, తెలుగు మూలాలున్న మహిళ. ఆమె కుల ధ్రువపత్రం చెల్లదని కాంగ్రెస్ అభ్యర్థి ప్రమోద్ నాయక్ అభ్యంతరం చెప్పారు. రిటర్నింగ్ అధికారి దాన్ని తోసిపుచ్చారు. ఆమె 66 వేలకు పైగా ఓట్ల తేడాతో గెలిచారు.

ఆ అభ్యంతరం ఒక్క అభ్యర్థికి సంబంధించినది కాదు. పట్టాల వెంట వచ్చిన ప్రతి తెలుగు కుటుంబం గడప మీదా ఆ ప్రశ్న ఉంది. కులం మనిషితో వస్తుంది కానీ కుల హోదా రాష్ట్రం సరిహద్దు దాటదు. 1990లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది కూడా ఒక తెలుగు కేసులోనే. ఆంధ్ర నుంచి బొంబాయి వెళ్లిన గిరిజన కుటుంబానికి చెందిన మర్రి చంద్రశేఖరరావు మెడికల్ సీటు వ్యవహారమది. ఛత్తీస్‌గఢ్‌లో ధ్రువపత్రం కావాలంటే ఎస్సీలయితే 1950 ఆగస్టు 10 నాటికి, ఓబీసీలయితే 1984 డిసెంబర్ 26 నాటికి కుటుంబం ఇక్కడే ఉన్నట్టు చూపాలి. అదీ ఇక్కడి జాబితాలో ఆ కులం పేరుంటేనే.

చట్టంలో ఒక విడ్డూరమూ ఉంది. ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం ఎస్సీ రిజర్వుడ్ లోక్‌సభ స్థానానికి ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా పోటీ చేయవచ్చు. అసెంబ్లీకి మాత్రం ఆ రాష్ట్ర జాబితాలోని కులమై ఉండాలి. అంటే ఒకనాటి బిలాస్‌పూర్‌లో శ్రీకాకుళం మూలాలున్న దళిత రైల్వే కార్మికుడు ఎంపీ పదవికి నామినేషన్ వేయొచ్చు. మస్తూరీ ఎమ్మెల్యే పదవికి వేయాలంటే ముందు తాసీల్దారు కచేరీ చుట్టూ తిరగాలి. మొదటిది ఎలాగూ గెలిచేది కాదు, రెండోదానికి కాగితం లేదు.

పాత చిరునామాతో ఇంకో చిక్కు. రైల్వే ఉద్యోగి రిటైరైతే క్వార్టర్ ఖాళీ చేయాలి. ఇల్లు మారితే ఓటు కూడా మారాలి, చాలామందిది మారదు. 2025 నవంబర్‌లో ఓటర్ల జాబితాల ప్రత్యేక ముమ్మర సవరణ ఛత్తీస్‌గఢ్‌లోనూ మొదలయ్యాక ఇరవై ఏళ్ల కిందటి జాబితాలో తమ పేరో, తల్లిదండ్రుల పేరో వెతుక్కోవాల్సి వచ్చింది. తండ్రి అప్పట్లో ఖరగ్‌పూర్‌లోనో వాల్తేరులోనో డ్యూటీలో ఉంటే, ఆ పేరు వెతకాల్సింది వేరే రాష్ట్రం జాబితాలో. తాత కులానికీ, నివాసానికీ ఆధారం కావాలన్నా అంతే: ఎప్పుడో మూసిన రైల్వే సర్వీసు రిజిస్టరులోని ఒక పేజీ దొరకాలి.