మొహానికి మూడు పనిముట్లు

రాత్రి పెరుగన్నంలో ఆవకాయ నంజుకుని పడుకున్నానంటే, మర్నాడు తొమ్మిదింటి వీడియో మీటింగులో నా మొహం పూర్ణబ్బూరెలా ఉంటుంది. మిగతావాళ్ళు గమనించారో లేదో తెలీదు గానీ, తెరమీద ఓ మూల నా బొమ్మ నాకే కనిపిస్తూ ఉంటే గమనించక చస్తానా! అలా మొదలైంది మొహానికి మర్దనా చేసే పనిముట్ల వేట.

మేముండేది జర్మనీలోని జీగెన్‌లో. 1577లో చిత్రకారుడు రూబెన్స్ పుట్టిన ఊరిది. ఆయన బొమ్మల్లో ఆడవాళ్ళు నిండు బుగ్గలతో దర్జాగా ఉంటారు. ఊళ్ళో కొండమీది కోటలో ఉన్న మ్యూజియములో ఆయన చిత్రాలు కొన్ని ఉన్నాయి. అవి చూసొచ్చాకైనా నాకు బుద్ధి రావలసింది. రాలేదు. ఒక్క నెలలో మూడు పనిముట్లు కొన్నాను: ఒక రోలరు, ఒక గువా షా పలక, ఒక మైక్రోకరెంటు పరికరం. మూడూ వాడాక తెలుసుకున్నవి మీతో పంచుకుందామని ఈ వ్యాసం.

ముందు మొహం ఎందుకు ఉబ్బుతుందో చూద్దాం. ఉప్పు ఎక్కువైతే ఒంట్లో నీరు నిలుస్తుంది. రాత్రంతా పడుకుని ఉంటాం కాబట్టి అందులో కొంత మొహంలో చేరుతుంది. లేచి తిరగడం మొదలుపెట్టాక మెల్లగా దానంతటదే కిందికి దిగుతుంది. అంటే ఏ పనిముట్టూ వాడకపోయినా కాసేపటికి తగ్గేదే. పనిముట్టు చేసేదల్లా ఆ పనిని కాస్త తొందరపెట్టడం.

రోలరు అందరికీ తెలిసిందే, చిన్న పిడికి దొర్లే రాయి. జేడ్ అనే పచ్చరాయిలో మహిమ ఉందంటారు గానీ, హాయినిచ్చేది దాని చల్లదనం. ఫ్రిజ్‌లో పెట్టిన స్టీలు గరిటెకీ ఆ గుణం ఉంది. అలాగని రోలరు ఉత్తదని కాదు. 2018లో జపాను పరిశోధకులు ప్రచురించిన ఒక చిన్న అధ్యయనంలో, ఐదు నిమిషాలు రోలరు దొర్లించిన బుగ్గలో రక్తప్రసరణ పెరిగి, ఆ తర్వాత పది నిమిషాలైనా అలాగే ఉందని తేలింది. మొహం కళగా కనిపించేది అందుకే. కళ మాత్రం కాసేపే.

గువా షా చైనావాళ్ళ పాత వైద్యం. అసలు పద్ధతిలో వీపుమీద నూనె రాసి ఎర్రగా కమిలేదాకా గీకుతారు. 2001లో ఇదే పేరుతో ఒక చైనా సినిమా వచ్చింది. అమెరికాలో వీడియో గేములు తయారుచేసే ఒక చైనా ఉద్యోగి ఇంట్లో, తాతగారు మనవడికి జబ్బుచేస్తే ఈ వైద్యం చేస్తాడు. ఆ మచ్చలు చూసి పిల్లవాణ్ణి హింసించారని అధికారులు కేసు పెడతారు. పరాయి దేశంలో ఉండే మనలాంటివాళ్ళు చూడవలసిన సినిమా. మా ఊరికి దగ్గర్లోని ఎసెన్‌లో వైద్యులు మెడనొప్పి ఉన్న 48 మందితో పరీక్ష చేసి, వేడి కాపడం కంటే గువా షాతో వారం తర్వాత నొప్పి ఎక్కువ తగ్గిందని 2011లో ప్రకటించారు. అయితే అది మెడ సంగతి. మొహానికి అంత గట్టిగా గీకకూడదు. ముందు నూనె రాసుకుని, పలకని దాదాపు పడుకోబెట్టి, ముక్కు పక్కనుంచి చెవి వైపుకి, తర్వాత మెడ కిందికి తేలిగ్గా జరపాలి. నీరు కదలాల్సింది చర్మం అడుగునే కాబట్టి బలం అక్కర్లేదు. నాకు రాయి పలక కంటే స్టీలుది నచ్చింది. కిందపడితే పగలదు, సబ్బుతో తోముకోవచ్చు. వందల ఏళ్ళు ఇనుము తవ్వి కరిగించిన ఊళ్ళో ఉంటూ రాయి కోసం వెతకడమెందుకు?

మూడోది మైక్రోకరెంటు. దీనికి మిగతా రెంటి కంటే చాలా ఎక్కువ ఖర్చుపెట్టాను. జెల్ రాసుకుని రెండు లోహపు గుండ్లని బుగ్గకి ఆనిస్తే, మైక్రోఆంపియర్లలో కరెంటు పారుతుంది. కండరాలు బిగిసి దవడ గీత తేలుతుందని అమ్మేవాళ్ళ మాట. అమ్మేవాళ్ళతో సంబంధం లేకుండా చేసిన పెద్ద పరిశోధనలు తక్కువ. రెండు నెలలు వాడితే నాకు కనిపించిన తేడా, రోలరుతో కనిపించినంతే.

ఇంతలో మా అత్తగారు విశాఖపట్నం నుంచి వచ్చారు. ఒక శనివారం పొద్దున్న ఉప్మా కలుపుతూ తొంగిచూస్తే, ఆవిడ బుగ్గకి జెల్ రాసుకుని చేతిలో ఈ పరికరం పట్టుకుని ఉన్నారు.

"అమ్మాయ్, దీని స్విచ్చి ఎక్కడే?"

"అత్తయ్యా, ఆగండి!" అని గరిటెతోనే పరుగెత్తాను. ఆవిడ గుండెకి పేస్‌మేకరు ఉంది. విమానాశ్రయంలో ఆ కార్డు చూపించి తనిఖీ చేయించుకున్న సంగతి గుర్తొచ్చి ఆపానే గానీ, నాకు అంతకుమించి తెలీదు. తర్వాత పరికరంతో వచ్చిన జర్మను పుస్తకం తీశాను. పేస్‌మేకరు ఉన్నవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు వాడకూడదని నాలుగో పేజీలోనే ఉంది. కొన్నరోజు నేను చదివింది ఛార్జింగు పేజీ ఒక్కటే!

కారణం మనకి సులువుగా అర్థమయ్యేదే. పేస్‌మేకరు గుండె నుంచి వచ్చే అతి చిన్న విద్యుత్ సంకేతాన్ని వింటూ ఉంటుంది. గుండె కొట్టుకుంటోందనిపిస్తే తను ఆగుతుంది. బయటి కరెంటుని గుండె చప్పుడని పొరపాటు పడితే, కొట్టాల్సిన సమయంలో ఊరుకుంటుంది. తప్పుడు ఇన్‌పుట్‌ని నిజమని నమ్మే ప్రోగ్రాముల్ని మనం రోజూ సరిదిద్దుతుంటాం. ఇక్కడ సరిదిద్దడానికి రెండో అవకాశం ఉండకపోవచ్చు. జర్మనీలో 2020 డిసెంబరు 31న అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, పార్లర్లలో ఇటువంటి విద్యుత్ యంత్రాలు ఎన్నింటికో ప్రత్యేక శిక్షణ ఉండాలి. ఇంట్లో వాడుకునేదానికి ఆ నియమం లేదు. అక్కడ శిక్షణంటే ఆ పుస్తకమే.

అందుకని ఏది కొనాలని అడిగితే నేను చెప్పేది ఇది. పొద్దుటి ఉబ్బు తగ్గితే చాలనుకుంటే రోలరు. స్క్రీను ముందు పళ్ళు బిగించి దవడ నొప్పెడుతుంటే, నూనె రాసి పలకతో తేలిగ్గా నిమరడం హాయిగా ఉంటుంది. రెంటినీ రోజూ కడగాలి, మొటిమల మీద వాడకూడదు. కరెంటుది కొనాలనుకుంటే, మీకొక్కరికే కాదు, ఇంటికొచ్చే ప్రతివారికీ పనికొస్తుందా అని ముందు చూడండి. ఇంటర్నెట్టులో కొంటే 14 రోజుల్లో వెనక్కి పంపే హక్కు ఇక్కడ ఉంది గానీ, శుభ్రత కోసం సీలు వేసి ఇచ్చే కొన్ని వస్తువులకి సీలు తీశాక అది ఉండదు. కాబట్టి సీలు తీసేముందే వివరాలు చదవండి.

అత్తయ్యకి ఇప్పుడు స్టీలు రోలరు అలవాటైంది. "చల్లగా బానే ఉందే" అంటారు. మూడో పరికరాన్ని డబ్బాలో పెట్టి అలమర పైఅరలో దాచాను. మూతమీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాశాను: "గుండెకి మిషను ఉన్నవాళ్ళు ముట్టుకోకూడదు."