మాటలు తక్కువైతే లీడర్ కాలేమా?

గ్రూప్ డిస్కషన్‌లో గొంతు పెంచినవాళ్లకే లీడర్‌షిప్ మార్కులు పడతాయని ఇంజినీరింగ్ ఫైనలియర్‌లో గట్టిగా నమ్మాను. నేనేమో నెమ్మదస్తుణ్ని. ప్లేస్‌మెంట్స్ రోజుల్లో అదే పెద్ద దిగులు. మీలోనూ చాలామందికి ఉండే ఉంటుంది.

ఉద్యోగంలో నా మొదటి టీమ్ లీడ్ ఆ నమ్మకాన్ని తలకిందులు చేశారు. మీటింగుల్లో ఆమె పెద్దగా మాట్లాడేవారు కాదు. ఓసారి రిలీజ్‌కు ముందురోజు రాత్రి నా కోడ్‌లో బగ్ బయటపడింది. 'ఎవరు రాశారిది?' అని ఆమె అడగలేదు. కుర్చీ లాక్కొని పక్కన కూర్చుని, లాగ్స్ చూపిస్తూ నాతోనే సరిచేయించారు. తెల్లారి మేనేజర్‌కి పంపిన మెయిల్‌లో, ఫిక్స్ చేసింది నేనేనని రాశారు!

దీన్నే సర్వెంట్ లీడర్‌షిప్ అంటారు. ముందు టీమ్ అవసరం, తర్వాతే తన హోదా. ఏటీ అండ్ టీలో ఏళ్ల తరబడి పనిచేసిన రాబర్ట్ గ్రీన్‌లీఫ్ 1970లో రాసిన వ్యాసంతో ఈ మాట ప్రచారంలోకి వచ్చింది. ఐటీ వైపు వెళ్లేవాళ్లకు ఇది తప్పక ఎదురవుతుంది. 2017 నాటి స్క్రమ్ గైడ్ స్క్రమ్ మాస్టర్‌ని సర్వెంట్ లీడర్ అనే పిలిచింది.

మరి ఇలా నడిపించేది ఎలాంటి స్వభావం ఉన్నవాళ్లు? 2013లో 'ద లీడర్‌షిప్ క్వార్టర్లీ' జర్నల్‌లో వచ్చిన ఓ అధ్యయనం ఇదే చూసింది. ఎదుటివాళ్ల కష్టం అర్థం చేసుకుని సహకరించే గుణం ఎక్కువగా ఉన్న లీడర్లలో ఈ తీరు ఎక్కువ కనిపించింది. నలుగురిలో ముందుకు దూసుకుపోయే గుణం, అంటే ఎక్స్‌ట్రావర్షన్ ఎక్కువున్నవాళ్లలో తక్కువ. ఒక్క స్టడీతో మాటకారులందరినీ పక్కన పెట్టేయలేం కానీ, నాలాంటివాళ్లకు కాస్త ఊపిరాడింది.

ఇక్కడో తిరకాసుంది. సహకరించడమంటే ప్రతిదానికీ తలూపడం కాదు. నేను మొదట్లో అలాగే అనుకుని అందరి పనీ నెత్తిన వేసుకున్నా. చివరికి నా పనే వెనకబడింది. మా లీడ్ అలా కాదు. శుక్రవారం సాయంత్రం క్లయింట్ కొత్త ఫీచర్ అడిగితే, 'సోమవారంలోపు కుదరదు' అని మెత్తగానే, కచ్చితంగా చెప్పేసేవారు. మా శని, ఆదివారాలు అలా మిగిలేవి.

ఇంటర్వ్యూలో లీడర్‌షిప్ గురించి అడిగితే ఫెస్ట్ కోఆర్డినేటర్ హోదా చెప్పి ఆగిపోకండి. ప్రాజెక్టులో వెనకబడిన ఫ్రెండ్‌కి గిట్ నేర్పించారా? వైవా ముందు కూర్చోబెట్టి ప్రాక్టీస్ చేయించారా? అది చెప్పండి. వాళ్ల ఇబ్బందేంటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది... అన్నీ.

అలాగని జీడీలో మౌనవ్రతం పట్టకండి. మీ పాయింట్ చెప్పాక, అప్పటిదాకా నోరు విప్పని పక్కవాళ్లవైపు తిరిగి 'మీరేమంటారు?' అని అడగండి.