పాత లాంచీకి కొత్త ఇంజను: యజమాని చూడవలసినవి, ఎక్కేవారు అడగవలసినవి

నీటి మీద ప్రయాణం అంటే మన వైపు పల్లెలవారికి నిన్న మొన్నటి వరకు దూరపు ముచ్చట. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి, సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో కలిశాక పులికాటు సరస్సు మన సరస్సు అయింది. తడ మండలంలోని భీములవారిపాళెం రేవు నుంచి ఇరకం దీవికి రాకపోకలు తరతరాలుగా పడవల మీదనే సాగుతూ వచ్చాయి. ఒకప్పుడు గడకర్ర, తెరచాప. తర్వాత డీజిలు ఇంజను. గోదావరిలో పాపికొండలు చూడడానికి, కోనసీమలో దిండి దగ్గర ఇంటి పడవ ఎక్కడానికి మన పల్లెల నుంచి వెళ్లేవారు కూడా ఉన్నారు.

ఇటువంటి పడవలకు ఒక వయస్సు వస్తుంది. ఒళ్లు ఇంకా గట్టిగానే ఉంటుంది, ఇంజను మాత్రం అరిగిపోతుంది. పొగ పెరుగుతుంది, డీజిలు ఎక్కువ తాగుతుంది, విడి భాగాలు దొరకవు. కొత్త లాంచీ కట్టించే స్తోమత అందరికీ ఉండదు గనుక, ఉన్నదానికే కొత్త ఇంజను, కొత్త గేరుబాక్సు వేయించుకుంటారు. ఇది తెలివైన పనే. అయితే లారీకి ఇంజను మార్చినట్లు పడవకు మార్చరాదు. లారీ ఆగిపోతే రోడ్డు పక్కన నిలబడుతుంది. ఏటి నడుమ పడవ ఆగితే ప్రవాహం తన దారిన లాక్కుపోతుంది.

2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా కచ్చులూరు దగ్గర పర్యాటక లాంచీ మునిగిన సంగతి మన జిల్లా మరువలేదు. తిరుపతి నుంచి వెళ్లిన ఒక కుటుంబం కూడా అందులో ఉంది. లాంచీలో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మందే. మునిగిన లాంచీని పైకి తీయడానికి అక్టోబరు 22 దాకా పట్టింది. పడవలో ఇంజను ఒక్కటే ప్రాణం కాపాడదు. కాని నీటి మీద నడిచే ప్రతి పడవ యోగ్యతను ఎక్కకముందే అడిగి తెలుసుకోవాలని ఆ దుర్ఘటన నేర్పింది.

ముందు చూడవలసింది పడవనే

ఇంజను బేరానికి పోకముందు పడవను ఒడ్డుకు లాగి అడుగు చూడాలి. చెక్క పడవైతే పుచ్చు, ఇనుప పడవైతే తుప్పు. ఇనుప రేకును సుత్తితో కొట్టి చూస్తే పలచబడిన చోట శబ్దం మారుతుంది. అనుమానం ఉంటే రేకు మందం కొలిచే పరికరంతో కొలిపించుకోవడం మేలు. ఇంజను కూర్చునే దిమ్మ దూలాలు చీలి ఉంటే కొత్త ఇంజను అదురుకు నెలల్లోనే బోల్టులు వదులైపోతాయి. అడుగు బాగుచేయించే స్థితిలో లేకపోతే కొత్త ఇంజను మీద పెట్టే సొమ్ము నీళ్లపాలే.

హెచ్.పి. ఎంత కావాలి?

ఊట తక్కువ బావికి 5 హెచ్.పి. మోటారు తీసి 10 హెచ్.పి. బిగించినంత మాత్రాన నీళ్లు పెరగవని మన రైతులకు బాగా తెలుసు. పడవ సంగతీ అంతే. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవకు దాని పొడవును బట్టి ఒక వేగపు హద్దు ఉంటుంది. నీటిని తాకే పొడవును అడుగులలో తీసుకుని, దాని వర్గమూలాన్ని రెండున్నరతో హెచ్చిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో సుమారుగా తెలుస్తుంది. 36 అడుగుల పడవకు వర్గమూలం 6. హద్దు 15 కిలోమీటర్లు. అది దాటించాలని ఎంత పెద్ద ఇంజను పెట్టినా అల పెరుగుతుంది, డీజిలు ఖర్చవుతుంది, వేగం మాత్రం పెద్దగా రాదు.

హద్దు లోపల కూడా వేగం ఖరీదైనదే. గంటకు 10 కిలోమీటర్లు పోవడానికి 20 హెచ్.పి. పట్టే పడవ 12 కిలోమీటర్లు పోవాలంటే దాదాపు 35 హెచ్.పి. కావాలి. డీజిలు ఇంజను ఒక్కొక్క హెచ్.పి.కి గంటకు సుమారు 200 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే 4 లీటర్లతో పోయే చోట 7 లీటర్లు.

అలాగని మరీ చిన్న ఇంజనూ పనికిరాదు. నిలకడ నీటిలో 12 కిలోమీటర్లు పోయే లాంచీ, గంటకు 9 కిలోమీటర్లతో దిగువకు పారే ఏటిలో ఎదురెక్కితే దానికి మిగిలేది 3 కిలోమీటర్లే. పులికాటు వంటి లోతు తక్కువ, నిలకడ నీటికి సరిపోయే ఇంజను గోదావరికి సరిపోదు.

గేరుబాక్సు, ఫ్యాను

నీటి కింద తిరిగే ఫ్యాను వెనక్కి నీటిని తోస్తే, ఆ తోపు షాఫ్టు గుండా వచ్చి పడవను ముందుకు నెడుతుంది. ఆ తోపు మొత్తాన్ని మోసేది పడవ గేరుబాక్సులోని బేరింగు. లారీ గేరుబాక్సు ఈ తోపును మోయడానికి చేసింది కాదు. పైగా పడవకు బ్రేకు లేదు. రివర్సు గేరే బ్రేకు. అందుచేత చవకగా వస్తుందని లారీ గేరుబాక్సు బిగించడం ప్రమాదకరం. లారీలకు వాడే జాతి ఇంజనునే పడవకు తగినట్లు మార్చి కంపెనీలే అమ్ముతున్నాయి. దానికి పడవ గేరుబాక్సే జత చేయాలి.

గేరుబాక్సు మారిస్తే ఫ్యానునూ తిరిగి లెక్క చూడాలి. ఇంజను నిమిషానికి 1,800 చుట్లు తిరిగి, గేరు మూడుకు ఒకటి అయితే ఫ్యాను 600 చుట్లు తిరుగుతుంది. ఫ్యాను మీద 24, 16 అని రెండు అంకెలు ఉన్నాయనుకుందాం. మొదటిది అడ్డుకొలత అంగుళాలు. రెండోది ఒక్క చుట్టుకు ముందుకు పోవలసిన అంగుళాలు. ఆ లెక్కన గంటకు పద్నాలుగున్నర కిలోమీటర్లు పోవాలి. నీటిలో జారుడు పోగా పదికి కాస్త అటూ ఇటూ దక్కుతుంది. బరువైన పడవకు పెద్ద ఫ్యాను నిదానంగా తిరగడమే లాభం.

కుదిరిందీ లేనిదీ తెలుసుకోవడం కష్టం కాదు. పూర్తి బరువుతో, పూర్తి రేసులో నడిపి చూడాలి. కంపెనీ చెప్పిన చుట్లు అందుకోక నల్ల పొగ కక్కితే ఫ్యాను పెద్దదైంది. చుట్లు మించిపోయి పడవ మాత్రం కదలకపోతే చిన్నదైంది. రెండు ఇంజన్ల లాంచీలో ఫ్యాన్లు ఒకదానికొకటి ఎదురు దిశల్లో తిరిగేలా బిగించడం పద్ధతి. రెంటికీ ఒకే టాంకు, ఒకే ఫిల్టరు పెడితే, డీజిలులో చేరిన మురికి రెంటినీ ఒకేసారి ఆపేస్తుంది. దేనికది వేరుగా ఉంచాలి.

షాఫ్టు వరస

గేరుబాక్సు బిళ్ల, షాఫ్టు బిళ్ల ఒకదానికొకటి సరిగ్గా ఆనాలి. నాలుగైదు అంగుళాల బిళ్లలకు తేడా అంగుళంలో వెయ్యింట నాలుగైదు వంతులు మించరాదు. ఒడ్డు మీద సరిచేసి వదిలేయరాదు. నీటిలోకి దిగాక పడవ ఒళ్లు కాస్త వంగుతుంది గనుక, దింపి ఒకటి రెండు రోజులు ఉంచి మళ్లీ కొలవాలి. వరస తప్పితే అదురు పుడుతుంది, బేరింగులు పోతాయి, షాఫ్టు బయటికి పోయే చోట నీళ్లు లోపలికి కారుతాయి.

ఇంజను చల్లబడడానికి బయటి నీటిని నేరుగా తోడితే పులికాటు ఉప్పు నీరు లోపలి భాగాలను తినేస్తుంది, గోదావరి వరద నీటి ఒండ్రు జల్లెడను మూసేస్తుంది. లోపల మంచి నీరు తిరుగుతూ, అడుగున అమర్చిన గొట్టాలలో చల్లబడే ఏర్పాటు ఇలాంటి చోట్ల అనువైనది. పొగగొట్టం చెక్కకు తగలకుండా వేడి ఆపే చుట్టు వేయాలి. ఇంజను గదికి గాలి ఆడాలి, నిప్పు ఆర్పే సిలిండరు చేతికి అందేచోట ఉండాలి.

బరువు తగ్గినా చిక్కే

చాలామంది గమనించని సంగతి ఇది. పాతకాలపు ఇంజను మహా బరువు. అది అడుగున కూర్చుని పడవను నిలకడగా ఉంచేది. అదే శక్తి గల కొత్త ఇంజను బరువు బాగా తగ్గుతుంది. అడుగున బరువు తగ్గి, మేడ మీద జనం అంతే ఉంటే పడవ ఒరిగే గుణం పెరుగుతుంది. తగ్గిన బరువుకు సమానంగా అడుగున కదలకుండా దిమ్మలు బిగించాలా, మేడ మీద ఎందరిని ఎక్కనివ్వాలి అన్నది నౌకా ఇంజనీరు చేత లెక్క కట్టించాలి. ఆ లెక్కకు అయ్యే ఫీజు ఇంజను ధరలో ఏ మూలకూ రాదు.

కాగితాలు

1917 నాటి చట్టం స్థానంలో 2021లో అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చింది. మరతో నడిచే లాంచీకి తనిఖీ సర్టిఫికెట్టు, రిజిస్ట్రేషను, బీమా ఉండాలి. రిజిస్ట్రేషనులో ఇంజను వివరాలు కూడా ఉంటాయి గనుక, ఇంజను మార్చేముందే అధికారులకు తెలిపి, మార్చాక తనిఖీ చేయించుకోవడం యజమానికే శ్రేయస్కరం. కాగితంలో ఒక ఇంజను, పడవలో ఇంకొకటి ఉంటే ప్రమాదం వేళ బీమా సొమ్ముకు చిక్కు రావచ్చు.

ఇక ఎక్కేవారు. ఇంజను లెక్కలు వారికి తెలియనక్కరలేదు. ఎందరికి అనుమతి ఉందో, తనిఖీ ఎప్పుడు జరిగిందో, ఇంజను మార్చాక మళ్లీ జరిగిందో లేదో అడగవచ్చు. లైఫ్ జాకెట్టు ఇస్తే ఒళ్లో పెట్టుకోకుండా తొడుక్కుని ముడి వేసుకోవాలి. రేవు వదిలేముందు సరంగు ఒకసారి రివర్సు వేసి చూపితే చాలు, ఇంజనూ గేరూ మాట వింటున్నాయని తెలుస్తుంది. అధికారులు అనుమతించిన సంఖ్యను, చివరి తనిఖీ తేదీని ప్రతి లాంచీ ముందు పెద్ద అక్షరాలతో తెలుగులో రాయించగలిగితే, చదువు అంతంతమాత్రంగా వచ్చిన పల్లెవాసి కూడా ఆ నాలుగు అక్షరాలు చూసుకుని ధైర్యంగా అడుగు పెడతాడు.